గుమ్మానికి అడ్డంగా

కువైట్‌లో పదేళ్ళ పైన పరాయి వంటింట్లో పనిచేసి, ఇక చాలనుకుని వచ్చేసిన రేచల్ తన ఇంటి గేటు ముందు పెట్టెలు దింపుకునేసరికి, ఆ గేటుకి వేరేవాళ్ళ తాళం వేసి ఉంది.

రాజోలు నుంచి మలికిపురం వెళ్ళే రోడ్డులో, కాలవ దాటాక వచ్చే డాబా అది. గోడలకి ఏ రంగు వెయ్యాలో, వంటగదిలో గట్టు ఎంత ఎత్తుండాలో ఫోన్లో చెప్పి తమ్ముడు ఎబినేజర్ చేత కట్టించుకుంది. కట్టాక ఒక్క రాత్రయినా అందులో పడుకోలేదు. ఖాళీగా ఉంటే పాడైపోతుందని ఎబినేజర్ ఒక కుటుంబానికి అద్దెకిచ్చాడు. దిగినతని పేరు సాయిదుర్గాప్రసాద్. రొయ్యల మేత ఏజెన్సీ అని చెప్పుకున్నాడు గానీ, ఆ ఇంటికి ఒక్క మేత బస్తా వచ్చినట్టు చూసినవాళ్ళు లేరు. మొదట్లో అద్దె ఠంచనుగా ఇచ్చాడు. తర్వాత మానేశాడు. అక్క వస్తోంది, ఖాళీ చెయ్యమని ఎన్నిసార్లడిగినా "ఆయ్, అలాగేనండి" అన్నాడు తప్ప కదల్లేదు. ఎబినేజర్ ఈ సంగతి అక్కకి ఫోన్లో చెప్పలేకపోయాడు. బస్టాండు నుంచి ఆటోలో వస్తూ, తల వంచుకుని చెప్పాడు.

గేటు చప్పుడు విని ప్రసాద్ బయటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తెల్లపంచె, మొహం నిండా నవ్వు.

"అయ్యో, మేడమ్‌గారా! రండి, రండి. కబురంపితే నేనే బస్టాండుకి వచ్చేవాణ్ణి కదండీ ఎబినేజర్‌గారూ. భవానీ, మేడమ్‌గారికి కాఫీ పట్టుకురా."

తన ఇంటి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో చుట్టంలా కూర్చుంది రేచల్. ఇరవై ఏళ్ళు కూడా ఉన్నాయో లేదో అన్నట్టున్న అమ్మాయి, చంకలో పసిపిల్లతో వచ్చి కాఫీ ఇచ్చింది. తలెత్తి చూడలేదు.

"ఎప్పుడు ఖాళీ చేస్తారండీ?" అని అడిగింది రేచల్.

ప్రసాద్ మొహంలో నవ్వు చెదరలేదు. పసిపిల్ల తల నిమిరి, "పాపకి ఒంట్లో బాలేదండి. డాక్టరుగారు చోటు మార్చొద్దన్నారు. ఒక్క నెల ఓపిక పట్టండి. మీ ఇల్లేనండి, ఎక్కడికి పోద్ది?" అన్నాడు.

ఆ నెల గడిచింది. ఇంకో నెలా గడిచింది. రేచల్ తమ్ముడింట్లోనే, మేనకోడలు జెస్సీ మంచం పక్కన చాప వేసుకుని పడుకుంటోంది. చివరికి పెద్దమనుషుల్ని పిలిచారు. మాజీ సర్పంచి త్రిమూర్తులుగారు, చర్చి పెద్ద దేవదానం మాస్టారు ఆ ఇంటికి వెళ్ళారు. వెనకాల రేచల్, ఎబినేజర్.

ప్రసాద్ ఎవరికీ ఎదురు చెప్పలేదు. త్రిమూర్తులుగారి కాళ్ళకి దండం పెట్టాడు. లోపలికి వెళ్ళి పెళ్ళాన్ని తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. పిల్లని తన చేతుల్లోకి తీసుకున్నాడు. తీసుకోగానే అది గుక్కపట్టి ఏడ్చింది. తల్లి కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"నా సంగతి వదిలెయ్యండి బాబుగారూ, నేను చెట్టు కింద పడుకుంటాను. వీళ్ళని చూడండి. ఎక్కడికి తీసుకెళ్ళమంటారో మీరే చెప్పండి. మీరెలాగంటే అలాగేనండి."

త్రిమూర్తులుగారు కండువాతో మెడ తుడుచుకున్నారు. కఠినమైన మనిషి కాదాయన.

"చంటిపిల్లతల్లిని రోడ్డు మీదకెలా పంపుతామమ్మా రేచలూ? ఉగాది దాకా చూద్దాం" అన్నారు. దేవదానం మాస్టారు కూడా, "అవునమ్మా, ప్రేమ చూపించాలి కదా మనం" అన్నారు.

వాళ్ళు వెళ్ళిపోతుంటే పిల్ల ఏడుపు మానేసింది. అంత గబుక్కున ఎలా మానేసిందా అని రేచల్ వెనక్కి తిరిగి చూసింది. ప్రసాద్ ఆమెనే చూస్తున్నాడు. నవ్వుతున్నాడు.

ఉగాది వచ్చి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయి జనం బయటికొస్తుంటే, చర్చి ఎదుట మోటార్‌సైకిలు మీద కూర్చుని ఉన్నాడు ప్రసాద్. దిగి, చేతులు జోడించాడు.

"వందనాలండి మేడమ్‌గారూ."

రేచల్ తల తిప్పుకుని నడవబోయింది.

"జెస్సీ పాప బాగా చదువుతుందంటండీ. సాయంత్రం కాలేజీ బస్సు దిగి కాలవగట్టు మీద ఒక్కత్తే నడిచొస్తది. నీలం చెప్పులేసుకుంటది. ఆ టైములో గట్టు మీద పురుగు కూడా ఉండదండీ. జాగర్త చెప్పండి. ఆడపిల్ల కదండీ" అన్నాడు మెత్తగా, సొంత మేనమామలాగా. బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

రేచల్ చర్చి గోడ పట్టుకుని నిలబడింది. కువైట్‌లో యజమానురాలి అడుగుల చప్పుడు వింటే ఇలాగే భయం వేసేది. సముద్రం దాటి ఇంటికొచ్చేస్తే ఆ భయం అక్కడే ఉండిపోతుందనుకుంది. అతను అన్నదాంట్లో తప్పుమాట ఒక్కటి లేదు. ఎవరితోనన్నా చెప్పినా, మంచిమాటే కదా అంటారు. ఆ సంగతి తల్చుకుంటేనే ఆమెకి ఇంకా భయం వేసింది.

జెస్సీని ఆ వారమే రాజమండ్రిలో పిన్నిగారింటికి పంపేశారు. రేచల్ పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. జాగర్త చెప్పమనడం నేరమెలా అవుతుందని అడిగారు. ఇంటి సంగతి కోర్టులో తేల్చుకోమన్నారు. వకీలుగారు కళ్ళజోడు తీసి, "వేస్తాను గానీ, ఏళ్ళు పడుతుందమ్మా. ఈలోగా అతనితో గొడవ పెట్టుకోకండి" అన్నారు.

ప్రసాద్‌కి వకీలు నోటీసు వెళ్ళిన నాలుగోనాడు, మిట్టమధ్యాహ్నం, ఎబినేజర్ గడ్డిమేటు అంటుకుంది.

దాళ్వా పంట కోతలయ్యాక వేసిన మేటు. ఎబినేజర్ భార్య కృపమ్మ కేకలు విని వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. అందరికంటే ముందు బిందెతో నీళ్ళు పోసింది ప్రసాదే. గేదెల పలుపులు కోసి బయటికి తోలిందీ అతనే. జుట్టు కొసలు కమిలాయి, చొక్కాకి మసి పట్టింది. మంట ఆరాక జనం అతని భుజం తట్టారు. ఒకావిడ మజ్జిగ తెచ్చిచ్చింది. అది తాగుతూ రేచల్ దగ్గరికొచ్చాడు.

"మేటుతో పోయిందండి, నయం. ఇల్లంటుకుంటే? లోపల మనుషులుంటే? తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తందండీ" అన్నాడు. గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం ఎబినేజర్ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయాడు. "వదిలేద్దాం అక్కా. ఎంతోకొంతకి తనే కొనుక్కుంటాడంట, మనిషి చేత చెప్పించేడు. ఇచ్చేద్దాం. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు."

ఆ ఇంటి కోసం రేచల్ ఎంత చాకిరీ చేసిందో తమ్ముడికి తెలుసు. అయినా అలా అన్నాడంటే ఎంత బెదిరిపోయాడో ఆమెకి అర్థమైంది. తనిక్కడ ఉన్నన్నాళ్ళూ ఈ ఇంటికి గండమే అనిపించింది. మర్నాడు పొద్దున్నే ఒక పెట్టె, ఒక చాప, బైబిలు తీసుకుని తన ఇంటి పెరట్లో ఉన్న కొట్టుగదికి వెళ్ళిపోయింది. కొబ్బరికాయలు పోసుకోడానికని కట్టించిన సిమెంటు రేకుల గది అది. దాని తాళం ఎబినేజర్ దగ్గరే ఉండిపోయింది. ధైర్యం వచ్చి వెళ్ళలేదు. ప్రసాద్ చూపు తమ్ముడి ఇంటి మీదనుంచి తన మీదకి తిప్పుకుందామని వెళ్ళింది.

అతను అడ్డుపడతాడనుకుంది. పడలేదు.

"ఉండండి మేడమ్‌గారూ. మీ ఇల్లేగా" అన్నాడు.

కుళాయికి నీళ్ళు ఆగిపోయాయి. రెండోనాడు కరెంటు వైరు తెగింది. చేదబావిలో నీళ్ళు తోడుకుని, కిరోసిన్ స్టవ్ మీద గంజి కాచుకుని, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. అతని దగ్గు వినిపిస్తే చేతిలో పని ఆగిపోయేది. దగ్గు వినిపించకపోతే ఎక్కడున్నాడోనని చెవులు రిక్కించేది. ఒకోసారి కిటికీ అవతల నీడ కదిలేది. బయటికొచ్చి చూస్తే భవాని బట్టలారేస్తూ ఉండేది. పలకరిస్తే పలికేది కాదు.

మే నెల ఎండలు ముదిరాయి. ఒకరోజు భోజనం చేసి రేచల్ కాస్త నడుం వాల్చింది. మెలకువ వచ్చి తలుపు తోస్తే రాలేదు. గట్టిగా లాగింది, తోసింది. బయట గడియ పడి ఉంది.

ముందు అంతగా కంగారు పడలేదు. పిలిచింది. తలుపు బాదింది. రేకులు కాలిపోతున్నాయి. కుండలో నీళ్ళు అడుగంటాయి. కిటికీకున్న చెక్కరెక్కని ఎవరో బయటనుంచి మూసి, ఏదో అడ్డం పెట్టారు. అప్పుడు గుర్తొచ్చింది, మూలన స్టవ్, పక్కన కిరోసిన్ డబ్బా. 'లోపల మనుషులుంటే?' అని గడ్డిమేటు దగ్గర ప్రసాద్ అన్న మాట చెవిలో వినపడింది. తలుపు కింద సందులోంచి పొగ వాసన వస్తోందేమోనని నేల మీద బోర్లాపడి ముక్కు ఆనించింది. మట్టి వాసన తప్ప ఏమీ లేదు. అయినా లేవలేకపోయింది. ప్రార్థన చేద్దామంటే మాటలు కుదరలేదు. ప్రభువా, ప్రభువా అని మాత్రం అనుకుంటూ అలాగే పడి ఉంది. చెమట ధారలు కట్టి, ఆపైన చెమట కూడా ఆగిపోయింది. గొంతు ఎండి కేక రావడం లేదు.

గడియ చిన్నగా కదిలింది. రేచల్ గోడకి నక్కింది.

తలుపు తీసింది భవాని. పిల్ల చంకలో నిద్రపోతోంది. ఇంకో చేత్తో చెంబు నిండా నీళ్ళు. సగం నీళ్ళు గడప మీదే ఒలికిపోయాయి.

"తాగండి, తొందరగా. ఆయన ఎటో వెళ్ళేరు. నేను తీసేనని చెప్పకండి అక్కా. మీ తమ్ముడుగారొచ్చి తీసేరని చెప్పండి."

రేచల్ గటగటా తాగేసింది. ఊపిరి తీసుకుని ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. ఇన్ని నెలల్లో మొదటిసారి సరిగ్గా చూడటం. తనకంటే ఎక్కువ భయపడిన మొహం అది.

"వెళ్ళిపోండి అక్కా. ఇల్లు వదిలేసి వెళ్ళిపోండి. మీది నాలుగో ఇల్లండి. ముందు మూడుచోట్లా ఇంతే. పెద్దమనుషులొస్తే నన్ను గుమ్మంలో నిలబెడతాడు. పాప ఏడవకపోతే గిల్లుతాడండి." పిల్ల గౌను పైకెత్తింది. తొడ మీద గోళ్ళ మచ్చలు, పాతవీ కొత్తవీ. "నన్ను చూసే అందరూ ఆగిపోతన్నారు. నాకు తెలుసండి. నేనేం చెయ్యను?"

"మీవాళ్ళెక్కడమ్మా?"

"నరసాపురమండి. అమ్మ లేసు అల్లుద్ది. అన్నయ్య పడవల షెడ్డులో వడ్రంగి. పాప పుట్టేక ఒక్కసారి కూడా పంపలేదండి."

"ఇప్పుడు వెళ్తావా?"

అనేశాక రేచల్ తనే ఉలిక్కిపడింది. భవాని కళ్ళార్పకుండా చూసింది. ఇంటివైపు చూసింది. పిల్లని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పెరటి దారిన నడిచింది.

మూల మీద ఏడుకొండలు ఆటో ఉంది. రేచల్ ఎరిగున్నవాడే. "సఖినేటిపల్లి రేవుకి పోనీ బాబూ, ఎవర్నీ ఎక్కించుకోకు" అంది. మలికిపురం దాటుతుండగా ఎదర ఒక మోటార్‌సైకిలు వస్తూ కనిపించింది. రేచల్ చీరకొంగు లాగి భవాని మొహం మీద, పిల్ల మీద కప్పేసింది. బండి పక్కనించి దూసుకుపోయింది. అతనే. చూశాడా? ఏడుకొండలు అద్దంలో చూసి, "వెనక్కి తిరగలేదమ్మగారూ" అన్నాడు. కానీ ఇల్లు చేరితే ఎంతసేపు? ఖాళీ ఇల్లు, తీసున్న కొట్టుగది.

రేవులో గోదావరి దాటించే పంటు కట్టేసి ఉంది. నిండితే గానీ కదలదు. మోటార్‌సైకిళ్ళు ఎక్కుతున్నాయి, పాల డబ్బాలు, అరటిగెలలు, బీరువా ఒకటి తాళ్ళతో కట్టి. వచ్చే ప్రతి బండి చప్పుడుకీ భవాని గోళ్ళు రేచల్ చేతిలో దిగుతున్నాయి. "ఇంకో వ్యాను రావాలమ్మా, వచ్చేస్తంది" అన్నాడు పంటువాడు, బీడీ వెలిగిస్తూ.

ఆ నిమిషాల్లో రేచల్‌కి ఒక సంగతి తట్టి, మనసు కలుక్కుమంది. ఈ అమ్మాయినెందుకు తీసుకెళ్తున్నట్టు? జాలిపడా? ఈమె తప్పుకుంటే ఇల్లు ఖాళీ అవుతుందనా? గుమ్మంలోంచి తీసెయ్యాలనేనా? ఏమో, తనకే తెలియలేదు. భవాని ఆమె భుజం మీద తల ఆనించింది.

వ్యాను వచ్చింది. పంటు కదిలింది. నడి గోదావరికి చేరాక వెనక్కి చూస్తే, రేవులో తెల్లచొక్కా మనిషి బండి పక్కన నిలబడి ఉన్నాడు. అరవలేదు. చెయ్యెత్తి, ఊరెళ్ళే చుట్టాలకి ఊపినట్టు నెమ్మదిగా ఊపాడు.

"చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగొచ్చేస్తాడక్కా" అంది భవాని. పెదవులు తెల్లబడిపోయాయి.

అలాగే వచ్చాడు. నరసాపురంలో వాళ్ళమ్మ ఇల్లు చేరి, ఆవిడ కూతుర్ని పట్టుకుని ఏడ్చి, అన్న అప్పలరాజు షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చిన కాసేపటికి, వీధి చివర బండి ఆగింది. అప్పలరాజుతో పాటు నలుగురు వడ్రంగులు వచ్చి అరుగు మీద నిలబడ్డారు. రేచల్ తలుపు వెనక నక్కి ఉంది.

"బావగారూ, బాగున్నారా? మా ఆవిడ చెప్పకుండా వచ్చేసిందండి. కంగారుపడిపోయేను. పంపించండి, పొద్దుపోతంది" అన్నాడు ప్రసాద్.

అప్పలరాజు నోరు తెరిచేలోగా లోపల్నించి భవాని గొంతు వినపడింది. కీచుగా, వణుకుతూ. "నేను రాను."

"ఏంటమ్మా?" అన్నాడు ప్రసాద్.

"రానన్నాను. చంపినా రాను."

వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. లేసు అల్లే ఆడవాళ్ళు దారపు ఉండలతో సహా బయటికొచ్చి నిలబడ్డారు. ప్రసాద్ అందర్నీ ఒకసారి చూసి, "అలాగేనండి, కోపం తగ్గేక వస్తాను" అని బండి తిప్పాడు.

రేచల్ మర్నాడు బస్సులో వంతెన మీదుగా తిరిగొచ్చింది. ఒంటరిగా పంటు ఎక్కడానికి ధైర్యం చాల్లేదు. అప్పలరాజు వెంట వచ్చి త్రిమూర్తులుగారికీ దేవదానం మాస్టారికీ అంతా చెప్పాడు. పిల్ల తొడ మీద మచ్చల సంగతి చెప్పినప్పుడు మాస్టారు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు. త్రిమూర్తులుగారు పదిమందిని వెంటేసుకుని ఆ ఇంటికి వెళ్ళారు. ఈసారి గుమ్మంలో ఎవరూ లేరు.

ప్రసాద్ వాదించలేదు. "ఆయ్, ఖాళీ చేసేస్తానండి. ఒంటిగాణ్ణి, నాకెందుకండీ ఇంత ఇల్లు?" అన్నాడు. రెండ్రోజుల్లో వ్యాను తెచ్చి సామానెత్తేశాడు. వెళ్ళేటప్పుడు వసారాలో నిలబడ్డ రేచల్‌కి చేతులు జోడించి, "వెళ్ళొస్తానండి మేడమ్‌గారూ" అన్నాడు. ఎవరైనా అనే మాటే. ఆ రోజంతా ఆమెకి అన్నం దిగలేదు.

లోపలికి వెళ్ళి చూస్తే స్విచ్చిబోర్డులు పీకేసి ఉన్నాయి. మరుగుదొడ్డి గొట్టంలో సిమెంటు పోసేశాడు. పెరట్లో కాపుకొస్తున్న కొబ్బరి మొక్కలు అయిదింటికీ మొవ్వులు నరికేశాడు. కృపమ్మ చూసి ఏడ్చింది. రేచల్ ఏడవలేదు. చీపురు తీసుకుని వీధి గది నుంచి ఊడవడం మొదలుపెట్టింది. సాయంత్రానికి జెస్సీకి ఫోను చేసి, ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండమంది.

ఇల్లు బాగుచేయించుకుని అందులోనే ఉంటోంది. వీధిలో మోటార్‌సైకిలు ఆగితే ఇప్పటికీ వంటగదిలోకి వెళ్ళిపోతుంది. భవాని తల్లి దగ్గరే ఉండి లేసు అల్లుకుంటోందని, పిల్ల నడుస్తోందని అప్పలరాజు ఫోన్లో చెప్పాడు.

వానాకాలం వెళ్ళాక ఒక పొద్దున్న గేటు దగ్గర ఒక పెద్దాయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ముమ్మిడివరం నుంచి వచ్చానన్నాడు. పేరు శ్రీరాములు.

"సాయిదుర్గాప్రసాద్ అని ఒకతను ఇక్కడ అద్దెకుండేవాడంట కదమ్మా. మా ఇంట్లో దిగేడండి. అద్దె ఆపేసేడు. అడిగితే ఆయ్ అంటాడు. పోయిన నెలలో పెళ్ళి కూడా చేసుకున్నాడమ్మా. చిన్నపిల్ల. గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే నాకు నోరు రావడం లేదు. ఎలాంటివాడో కనుక్కుందామని వచ్చేను."

రేచల్ గేటు గడియ పట్టుకుని నిలబడింది. తెలీదండి అనేసి తలుపేసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. అతనికి తన పేరు మళ్ళీ చేరదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. పెద్దాయన గొడుగు ముడిచి, వెళ్ళమంటే వెళ్ళిపోయేలా నిలబడి ఉన్నాడు.

"అతని పెళ్ళాం బతికే ఉందండి, నరసాపురంలో" అంది రేచల్. "లోపలికి రండి. ఆ అమ్మాయి వాళ్ళన్నకి ఫోన్ చేస్తాను. ముగ్గురం కలిసి స్టేషన్‌కెళ్దాం."

"మీరూ వస్తారా అమ్మా?"

"వస్తానండి. నాకూ భయమేనండి. అయినా వస్తాను."